వేడి పలక

జాబ్రియాలో మా గదికి కిటికీ లేదు.
బయట దుమ్ముగాలి లేస్తే
గాలి పైపుల్లో సన్నగా ఈల వినపడుతుంది, అంతే.
లోపల నలభై ఎనిమిది ఎలుకలు,
నేను, సూడాను ఇద్రీసు, ఒక వేడి పలక.

పదకొండేళ్లు సాల్మియాలో ఇస్త్రీ చేసినాను.
తెల్ల దిష్‌దాషాలు, వందలు కాదు, వేలు.
కుడి భుజం పైకి లేవడం మానేసినాక
అకామా మార్చుకొమ్మనింది ఆ ఇంటామె.
అట్లా ఎలుకల పనికొచ్చినాను.

దూదేకులోళ్ల బిడ్డని.
బోనుల్లో కాగితం పీచు పరిచేటప్పుడు
మా జేజినాయన ఏకిన దూది
వేళ్ల కింద కదులుతుంది.

మొదటి రోజు
పద్నాలుగో నంబరు ఎలుకకు సూది వేసినారు.
గంజాయి కాదంట, గంజాయిని చూసి చేసిన మందంట.
అరగంట ఆగి పలక మీద వదిలినారు.
యాభై అయిదు డిగ్రీలు. గడియారం నా చేతిలో.
నేను తెలుగులో లెక్కపెట్టి
ఇద్రీసుకు అరబ్బీలో చెప్తాను.
ఇరవై రెండుకు గానీ అది పాదం నాకలేదు.
ఉత్త నూనె ఎక్కించిన పక్కబోను ఎలుక
ఆరుకే నాకింది.

మూడో రోజు పదిహేడు.
ఎనిమిదో రోజు
అదే మందు, అదే సూది, అదే పలక,
ఆరు.
మందు పడినదీ ఆరే, పడనిదీ ఆరే.
గడియారం చెడిపోయిందనుకున్నా.

డాక్టర్ నజ్లా టీ తాగుతూ
తొడుగుల డబ్బా అట్ట మీద బొమ్మ గీసింది.
గుండ్రంగా ఒక కణం, చుట్టూ గోడ, గోడకు తలుపులు.
మందు రోజూ వచ్చి తట్టీ తట్టీ
ముందు తలుపు పలకడం మానేస్తుందంట.
ఆ తర్వాత తలుపే గోడలోంచి ఊడి
ఇంట్లోకి పోతుందంట.
తలుపు ఇంట్లోకి పోవడం నేనెక్కడా వినలేదు.
వచ్చినవాడు బయట నిలబడి
ఉత్త గోడను తడుతుంటాడు.
"మందుకు బలం తగ్గలేదు, దస్తగిరమ్మా," అంది.
"వినేవాళ్లు తగ్గినారు."

ఇంకోటి కూడా చెప్పింది.
ఆ తలుపులు గంజాయి కోసం పుట్టినవి కావంట.
మన తలలోనే ఊరేది ఒకటుందంట, దానికోసం.
పేరు ఈజిప్టు నాలుకతో పలికింది: అనందమైడ్.
ఆనందమంటే మా మాటే కదమ్మా, అన్నాను.
ఆమెకు తెలుసు.
నాకే తెలియదు, ఇన్నేళ్లూ
నా తలలో మా మాటొకటి పనిచేస్తా ఉందని.
అదీ ఆ తలుపే తట్టాల.
ఊడిపోయినాక, ఆ గోడనే.

ఒక గురువారం అందరూ పోయినాక
పలక ఆరకముందే అరచెయ్యి పెట్టినాను.
తొమ్మిదికి తీసేసినాను,
నొప్పికి కాదు, భయానికి.
చెయ్యి ఎర్రగా ఉంది, నేను ఇంకెక్కడో ఉన్నా.
నాకెవరూ ఏ సూదీ వెయ్యలేదు.
ఇస్త్రీ చెయ్యిలో ఏం ఊడిందో, ఎప్పుడు ఊడిందో
రాసుకునే పుస్తకం లేదు.
డాక్టరును అడగనూ లేదు.

తర్వాత రెండు వారాలు సూదులు ఆపినారు.
మేత, నీళ్లు, కాగితం పీచు.
తలుపులు తిరిగొస్తాయంట,
మెదడులో ఒకచోట తొందరగా, ఒకచోట ఆలస్యంగా,
తరిమితే మాత్రం రావంట.
పొద్దున దీపాలు వేసి, రాత్రి తీసి
గోడ మీద పెన్సిలుతో గీతలు పెట్టినాను.
ఇద్రీసు చూసి ఏమీ అనలేదు.

పదిహేనో రోజు మళ్లీ మందు.
పద్నాలుగోది పలక మీద నిలబడి
మూతి ఎత్తి గాలి వాసన చూసింది.
పది.
పదహారు.
"కమ్?" అన్నాడు ఇద్రీసు.
నాకు అరబ్బీ రాలేదు.
పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి, అంటున్నా,
అది ఇంకా నాకలేదు.

ముప్పై దాటనియ్యకూడదు, అది రూలు.
దానికి తెలియకపోయినా
ఒళ్లు కాలుతుంది కదా.
ఇరవై ఆరు దగ్గరే
నా ఎడమచెయ్యి చాచి ఉంది.