పైపొర, కిందిపొర

కెమెరాకి ఫ్రిజ్ తప్ప మరేమీ వినపడలేదు.
బెకా దాన్ని ఫ్రిజ్ నెత్తినే నిలబెట్టాడు మరి.
ముగ్గురు ముసలాళ్ళు నోళ్ళు తెరిచి పాడుతుంటే
గంటసేపూ ఒకటే రొద,
సీసాలో తుమ్మెద పడ్డట్టు.

నయం, రొట్టెల బుట్టలో
గుడ్డ కింద రికార్డర్ దాచాను.
కంటపడితే ఉషాంగి గొంతు బిగుసుకుంటుంది,
వాలికో మర్యాదలోకి దిగిపోతాడు.

ఇప్పుడు బొమ్మ ఒకచోట, గొంతు ఒకచోట.
కుతాయిసి అంతా నిద్రపోయాక
కుట్టుమిషను పక్కకి జరిపి లాప్‌టాప్ తెరుస్తాను.
సాఫ్ట్‌వేర్ ఖరీదు నాలుగు లంగాల అంచుకూలి.
తనంతట తనే జతచేస్తుందన్నారు, మీట నొక్కాను.
ఫ్రిజ్ రొదనీ బోందో మంద్రాన్నీ ముడేసి
అయిపోయిందంది.
చూస్తే వాలికో నవ్వు బోందో నోట్లోంచి వస్తోంది.
ఉషాంగి గ్లాసు దించిన మూడు సెకన్లకి
గుటక.

సరే, చేత్తోనే.
మొదట్లో ఒక్క చప్పట కొట్టి ఉంటే గాటు ఉండేది.
రెండు పొరల అంచుల్లో ఒకేచోట
కత్తెర మొనతో పెడతామే, ఆ పాటి గాటు.
అవి రెండూ కలిస్తేనే చొక్కా చెయ్యి భుజాన్ని పడుతుంది.
ఎవరికి గుర్తు? అందరం ఆకలి మీదున్నాం.

వెతగ్గా వెతగ్గా కత్తి దొరికింది.
మాట వినమని ఉషాంగి గ్లాసుని కత్తితో తాకాడు,
శబ్దం గీతలో ముల్లులా లేచింది.
ముళ్ళు ఏడు.
బొమ్మలో దెబ్బలు నాలుగే,
మిగతావి వాలికో వీపు చాటున.
ఒక్కొక్కటే ఆనించి చూస్తూ పోయాను.
ఐదోదాని దగ్గర
ఆ అనే నోరు ఆ అంది.

ఒంటిగంట రాత్రి, నేనూ గట్టిగా ఆ అన్నాను.

మొదటి పాట కుట్టు కనపడకుండా కుదిరింది.
ఇరవయ్యో నిమిషానికి
పెదవులు మూసుకున్నాక కూడా పాట వస్తోంది.
రెండు యంత్రాలు, రెండు గడియారాలు.
ఇది నాకు కొత్త కాదు:
మిషను పళ్ళు కిందిగుడ్డని లాక్కుపోతాయి,
పైగుడ్డ వెనకబడి
చివర వేలెడు మిగులుతుంది.
నేర్చుకునే పిల్లలు ఆ వేలెడూ కత్తిరించేస్తారు.
చెయ్యి తిరిగినవాళ్ళు దారి పొడుగునా
కాస్త కాస్త సర్దుతారు.

పాట మధ్య కోయలేదు.
వైను వంపుకునే చోట,
వాలికో మీసం తుడుచుకునే చోట,
ముగ్గురూ ఒక్కసారే ఊపిరి పీల్చే చోట
చిటికెడు నిశ్శబ్దం తీసేశాను.
ఎవరి గొంతూ తరగలేదు.

చివరికి రెండు ముక్కలు మిగిలాయి.
మొదట్లో, రికార్డర్ నొక్కకముందు,
ఉషాంగి కెమెరాలోకి చూసి ఏదో అంటాడు,
శబ్దం లేదు.
చివర్లో, కెమెరా బ్యాటరీ అయిపోయాక,
పళ్ళాల చప్పుడు, కొళాయి, బోందో అడగడం:
"లంజిరా, నా గొంతు మరీ ఎక్కువైందా?"
బొమ్మ లేదు.

చెప్పనా, ఆ ప్రశ్నని ఆ పెదవులకి అంటించాను.
నాలుగు ఫ్రేముల తేడాతో సరిపోయింది!
ఒళ్ళు జలదరించి వెంటనే విప్పేశాను.
ఒకరి చొక్కాకి ఇంకొకరి చెయ్యి కుట్టను,
కొలత కుదిరినా.

ఏమన్నావని ఉషాంగినే అడిగాను.
"ఉప్పు అడిగుంటాను."

ఆదివారం ముగ్గురూ కొట్టుకి వచ్చారు,
బట్టల మూటల మీద కూర్చున్నారు.
పాటలయ్యాక తెర నల్లబడింది.
పాడైందనుకుని వాలికో లాప్‌టాప్ వీపు చరిచాడు.
"ఆగు, విను" అన్నాను.
పళ్ళాలు. కొళాయి.
చీకట్లోంచి బోందో ప్రశ్న.
నేనేం జవాబిచ్చానో నీళ్ళ హోరులో కలిసిపోయింది.

బోందో తన గొంతుని తనే
ఎవరిదో అన్నట్టు చెవి ఒగ్గి విన్నాడు.
ఉషాంగి మూట మీంచి కదలకుండా
"ఎక్కువే" అన్నాడు.