ఈల ఎవరిది

మట్టెవాడల రబ్బరు స్టాంపులు చేసెటోణ్ని.
పొద్దంత మంది పేర్లు తిరగేసి చెక్కుత,
మాపటికి ఎవలకూ పట్టని పేర్లు దేవులాడుత.
పెండ్లి సీన్ల డోలు కొట్టినాయన ఎవలు,
హీరోయిన్ చెప్పు తెగితే కుట్టిన ముసలాయనది ఏ ఊరు,
టైటిళ్లల్ల ఆఖరుకు 'తదితరులు' అని పడ్తది సూడు,
గా తదితరులే నా చుట్టాలు.

ఒకనాడు ఎనుమాముల మార్కెట్ల
మిర్చి బస్తాలు కుట్టే కొమురెల్లి
తుమ్ముకుంట వచ్చి అడిగిండు:
"అన్నా, గా సినిమాల, ఉత్తరం కాలంగ
ఒక ఈల ఇనొస్తది. సన్నగ. నడుమ తెగినట్టు.
నలభై ఏండ్లాయె,
దబ్బనం పట్టంగనే నా నోట్లె గదే వస్తది.
ఎవలేసిన్రే అది?"

సినిమా పేరు చెప్తే నవ్వుతరు, చెప్ప.
మా తాన మాత్రం ఎనభైనాలుగు రోజులాడింది.

పాటల పుస్తకం గిర్మాజీపేటల దొరికింది,
పాత కాయితాలు కొనేటాయన కాంటా కింద.
ఎలుకలు పల్లవులు తిని చరణాలు ఇడిచిపెట్టినయ్.
ఈల ముచ్చట లేదు.
కరీంనగర్ల బామ్మర్దికి ఫోన్ చేసిన.
"ఈలేందే? ఆడ వీణ గదా" అన్నడు.
జగిత్యాలోళ్లు వీణ అన్నరు.
మంచిర్యాలోళ్లు వీణనే అన్నరు.
కాజీపేట రైల్వే క్వార్టర్లల్ల పదిమందినడిగితె
పదిమంది మూతి సున్న చుట్టిన్రు.
ఒకామె పప్పుగుత్తి పక్కకు పెట్టి
ఏసే సూపెట్టింది.

ఫోన్ల సినిమా పెట్టుకొని
గా ముక్క ముప్పైసార్లు చూసిన.
ఉత్తరం కాలింది. వీణ మోగింది.
ఈల లేదు.

"కొమురెల్లీ, ఊరు ఊరంత కలగన్నమా ఏంది?"
"కలైతే అందరికి ఒక్క తీర్గ ఎట్లొస్తదే?"

గా మాట పట్టుకొనే కరీమాబాద్ పోయిన.
యాకూబ్ పాషా, ఒకప్పటి ఆపరేటరు.
కంటి ఆపరేషనై పచ్చగుడ్డ కట్టుకొని
గోడకు ఆనుకొని కూసున్నడు.
అడిగిన. చానాసేపు నవ్విండు,
దగ్గొచ్చి ఆగిండు.

"తొమ్మిదో నాడు ప్రింటు తెగింది భాయ్, సక్కగ ఆడనే.
మూడడుగులు పోయింది. అంటే రెండు సెకండ్లు.
అతికిస్తె బొమ్మ ఎగిరె,
వీణ గొంతు పిసికినట్టు ఆగె.
జనం కుర్చీలు గుద్దుడు, నన్ను తిట్టుడు.
ఇంకో ప్రింటు పంపున్రి అంటె కంపెనోళ్లు పంపలె.
ఏం జేస్త?
బూతు కంతకు మూతి పెట్టి
మిషన్ సప్పుడును దాటేటట్టు ఊదిన.
గప్పుడు ఎవలు గుద్దలె.
రోజుకు నాలుగాటలు, డెబ్బై అయిదు రోజులు.
జరమొచ్చిన నాడు సుత ఏసిన.
ఒక్కనాడు మరిచిపోతె బాల్కనీల కెల్లి ఎవడో ఒర్రిండు,
'సినిమా కోస్తున్నవారా ఆపరేటరూ, ఈల ఏది?' అని!"

ఒక్కసారి ఏయమన్న.
ముందటి పండ్లు లేవాయె.
ఉత్తగాలి వచ్చింది,
స్టూలు మీది బీడీ నుసి లేచి
నా అంగీ మీద పడ్డది.
ఇద్దరం దులపలేదు.

రాత్రి దుకాణం తలుపు దగ్గరేసుకొని
ఒక స్టాంపు చెక్కిన, ఎవలు ఆర్డరియ్యంది.
'ఈల: యాకూబ్ పాషా.'
ఎలుకలు ఇడిచిన జాగల, పాటల పుస్తకం మీద
వంకర్గ పడ్డది. వంకర్గనే ఉంచిన.

తెల్లారి కొమురెల్లికి చెప్పిన.
దబ్బనం బస్తాల గుచ్చి అట్లనే నిలబడ్డడు.
"అయితె సినిమాల లేనేలేదన్నట్టు."
"లేదు."
తల గోక్కున్నడు, మళ్ల తుమ్మిండు.
"మరన్నా,
ఇంటర్వెల్ ముందట ఒక కుక్క మొరుగుతది జూడు,
అది లోపలిదా, బయటిదా?"