చీకటి పీత

రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోకుండా
సాల్ట్‌బర్న్ ఒడ్డుకు వచ్చాను.
రాత్రంతా గాలి. కేర్ హోమ్ కిటికీలు
పళ్ళు కొరుకుతూనే ఉన్నాయి.
"సముద్రానికి కడుపులో బాలేదు" అంది
పన్నెండో గది మార్జరీ.
ఆమె అలాంటివి చాలా అంటుంది.

మొదట నాచు అనుకున్నాను.
పియర్ కాళ్ళ కింద మొదలై
వాగు వచ్చి కలిసే చోటుదాకా
మోకాలెత్తు గోధుమరంగు గట్టు.
దగ్గరికెళ్తే
గట్టుకు కాళ్ళున్నాయి.

పీతలు.
పళ్ళెమంతవి, అరచేతంతవి,
చొక్కా బొత్తాలంత పిల్లలు.
ఒకదాని డెక్క ఇంకోదాని డెక్కలో,
తిరునాళ్ళలో తప్పిపోకూడదని పట్టుకున్నట్టు.
మధ్యమధ్య కత్తి ఆల్చిప్పలు,
ఎవరిదో ఎడమకాలి చెప్పు.

నిజం చెప్పాలి,
నాకు ముందు దుఃఖం రాలేదు.
చింతపండు గుర్తొచ్చింది.

ఒకదాన్ని ఎత్తాను.
చెయ్యి దానంతటదే తూచింది.
ఉప్పాడ రేవులో మా అమ్మ బుట్ట పక్కన
పెరిగిన చెయ్యి.
"వెన్నెల పీత డొల్ల, చీకటి పీత కండ.
బొటనవేలితో పొట్ట నొక్కి చూడవే,
కుంగిందా, గంగకిచ్చెయ్" అనేది.
నొక్కాను.
కుంగలేదు.
అమావాస్య బరువుతో నిండుగా ఉంది.
ఇంకోటి ఎత్తాను. అదీ నిండే.

నాకు తెలిసిన చావులు ఇలా ఉండవు.
వారం వారం తూకం తగ్గి,
ఉంగరం జారి, గాజు జారి,
మనిషి లోపల మనిషి సర్దుకుని ఖాళీ చేశాక
అప్పుడు వస్తుంది చావు, చప్పుళ్ళేకుండా.
ఇంత కండతో, ఇంత ఆకలితో
ఎలా పోతారు ఎవరైనా?

చేతిలోది కాలు కదిపింది.
ఒక్కటే కాలు.
మూడింటప్పుడు పిలుపు గంట కోసం
దుప్పటి మీద తడుముకునే వేలిలా.

పరిగెత్తాను. బూట్లలోకి నీళ్ళు.
వదిలాను. కెరటం తెచ్చి నా కాళ్ళ దగ్గరే పెట్టింది.
మళ్ళీ వదిలాను. మళ్ళీ తెచ్చింది,
పొరపాటున మా ఇంటికొచ్చిన ఉత్తరం
తిప్పి ఇచ్చినట్టు, మర్యాదగా.

"వదిలెయ్యమ్మా" అన్నాడు వెనకనుంచి విల్ఫ్.
నలభై ఏళ్ళు బుట్టలు దించిన మనిషి.
కుక్క మూతికి తన మఫ్లర్ కట్టాడు,
తిని చస్తుందని.
"ఆఫీసువాళ్ళు ఒక పేరు చెప్తారు,
రేవువాళ్ళు ఇంకో పేరు చెప్తారు.
పీతనడిగినోడు లేడు."
అని, కాసేపాగి,
నా చేతిలోంచి దాన్ని తీసుకుని
ఇసకలో బోర్లా పడుకోబెట్టాడు.
వెల్లకిలా ఉంటే దానికి సిగ్గన్నాడు.

సాయంత్రం మళ్ళీ డ్యూటీ.
సోమవారం, తూకాల రోజు.
మూడుసార్లు సబ్బుతో కడిగినా
బొటనవేలు వాసన.
మార్జరీ పట్టుకుంది.
"ఏం కక్కింది?"
"పీతలు."
"బరువున్నాయా?"
అని తన బొటనవేలితో గాలిని
చిన్నగా నొక్కి చూపించింది.
ఇన్నేళ్ళలో ఆమెను నేను అడగలేదు,
ఎవరమ్మాయివని.

"ఉన్నాయి" అన్నాను.

తూకం కుర్చీ మీద కూర్చోబెట్టాను.
కాళ్ళు నేలకు తగలకుండా ఎత్తి పట్టుకున్నాను.
నలభై ఒకటిన్నర.
పోయిన సోమవారం కంటే ముప్పావు కిలో తక్కువ.
రాశాను.
పక్కన కారణం అనే గడి ఉంటుంది.
పెన్ను అక్కడ కాసేపు ఆగింది.