ఏడో పేజీ

శుక్రవారం పొద్దున్నే మా షెపర్టన్ పేపరు
మడతకాజాలా చుట్టుకుని గడ్డిలో పడుంటుంది,
లోపల పాకం మాత్రం ఉండదు.
విసిరే కుర్రాడికి గురి లేదు.
రాసేవాళ్ళకి ఉందా అంటే,
అదీ చెప్తాను.

మొదటి పేజీలో మళ్ళీ ఆ రౌండబౌటే.
వేశారు, తవ్వారు, జరిపి వేశారు.
మధ్యలో నాటిన లావెండరుకి
వేరు పట్టే తీరిక కూడా ఇవ్వలేదు.
పేపరు దీన్ని చర్చ అంటుంది.
మా ఇంట్లో దీన్ని
చేతులు ఊరుకోకపోవడం అంటారు.

వృద్ధుల హోములో నా డ్యూటీ ఏడింటికి.
మందులు, స్నానం, టీ, ఆ తర్వాత
డల్సీకి పేపరు చదవడం.
తొంభై ఒకటి ఆవిడకి, చూపు పోయి ఆరేళ్ళు.
"పోయినవాళ్ళెవరు?" అంటుంది ముందు.
తర్వాత పియర్ పళ్ళ ధర.
చివరికి ట్రెంబాత్.

కెన్ ట్రెంబాత్ది ఇరవై రెండేళ్ళుగా అదే మూల,
అదే ఫొటో, అందులో జుట్టు ఇంకా నల్లగానే ఉంది పాపం.
వారానికొకటి పాడైపోతుంది ఆయనకి:
పిట్టలు, సైకిళ్ళ వాళ్ళు, మీట్ పైలో మాంసం.
మాంసం సంగతి నిజమే, ఒప్పుకోవాలి.
కానీ తోటల్లో కోతకొచ్చినవాళ్ళ మీద రాసిన వారం
చదువుతూ చదువుతూ ఒక పేరా మింగేశాను.
"ఏదో గెంతావు," అంది డల్సీ.
"ప్రకటనలే."
కాసేపు టీ ఊదుకుంది.
"కెన్ వాళ్ళ నాన్న మా షెడ్డులో పెట్టెలు కొట్టేవాడు.
సగం మేకులు వంకరే."
ఇలాంటి వాక్యం
ఒక్కటి, ఒక్కటి అచ్చులో చూపించండి నాకు!

కొత్తగా ఇమొజెన్ అని ఒకమ్మాయి రాస్తోంది,
మెల్‌బోర్న్ నుంచి వచ్చి ఎనిమిది నెలలు.
పల్లె ప్రశాంతత, పులిసిన పిండి రొట్టె, కోళ్ళకి పెట్టిన పేర్లు.
రాత్రి రెండింటికి క్యానరీ షిఫ్టు దిగే కార్ల వెలుగు
ఆ కిటికీలో పడదు కాబోలు.
తిట్టబుద్ధి కాదు, వాక్యం చక్కగా కడుతుంది.
ఉప్పు లేని పప్పు కూడా
కొందరు ముచ్చటగానే వడ్డిస్తారు.

సంపాదకుడికి తొమ్మిది ఉత్తరాలు రాశాను.
ఆదివారం బస్సు లేదని నాలుగు,
మా వీధి చివర కాలవ పూడిపోయిందని అయిదు.
ఒకటి వేశారు, కత్తిరించి.
కాలవ పోయింది, చివర ధన్యవాదాలు మిగిలాయి.
కింద నా పేరు, సువర్చల,
అచ్చులో సువాచాల.
"అర్థం తెలిసే వేశారేమో," అని
మా ఆయన రెండ్రోజులు నవ్వాడు.

ఆ అక్టోబరులో నది వచ్చింది.
పూడిన కాలవలోంచి వెనక్కి నడిచి
మా గుమ్మం దగ్గర చెప్పులు కూడా విప్పకుండా
లోపలికొచ్చింది.
మొదటి పేజీలో కౌన్సిలరు గారు,
కాళ్ళకి కొత్త బూట్లు, లేబులు ఇంకా ఊడలేదు.
ట్రెంబాత్ గోల్ఫు మైదానంలో ఈదుతున్న బాతుల మీద రాశాడు.
ఇమొజెన్ నీటి నిశ్శబ్దం మీద.
(నీటికి నిశ్శబ్దమేంటమ్మా,
రాత్రంతా ఫ్రిజ్జు గోడకి కొట్టుకుంటుంటే!)

ఏడో పేజీలో నేను.
ఫుట్‌పాత్ మీద తడి తివాచీ, నానిన బియ్యం బస్తా,
చేతులు నడుముకి పెట్టుకుని నేను.
కింద చిన్న అక్షరాల్లో:
'నష్టాన్ని పరిశీలిస్తున్న ఒక స్థానికురాలు.'

మండిపోయాను.
ఫొటో తీసిన పిల్లాడు మూడు నిమిషాలున్నాడు.
పేరు అడగడానికి ఎంతసేపు?
తప్పుగా అయినా వెయ్యొచ్చుగా, అలవాటే కదా.

"మళ్ళీ చదువు," అంది డల్సీ.
చదివాను.
ఒక స్థానికురాలు.
పదమూడేళ్ళుగా చెకౌట్ దగ్గర, డెంటిస్టు దగ్గర,
కుక్కతో ఎదురొచ్చిన ప్రతి పెద్దమనిషి దగ్గరా
ఎక్కడి నుంచి అనే ప్రశ్నకి జవాబు చెప్పాను.
వీడొక్కడే అడగలేదు.
బద్ధకమే అయ్యుంటుంది.
అయినా ఆ ముక్క కత్తిరించి
డల్సీ మందుల పెట్టె అడుగున దాచాను,
ఎందుకో ఇంటికి తీసుకెళ్ళలేదు.

ఈ రాత్రి పదో ఉత్తరం మొదలుపెట్టాను.
'అయ్యా, ఏడో పేజీలో నిలబడ్డ స్థానికురాలిని నేనే.
కాలవ ఇంకా పూడికతోనే ఉంది.'