నూటా తొంభైతొమ్మిది

మార్చి ఎనిమిదిన షిఫ్టు ఉంది.
అందుకని మా పండగ
తర్వాతొచ్చిన ఆదివారానికి జరిగింది,
బిగుతైన జాకెట్టుకి
చంకలో గుడ్డ అతికినట్టు.

హొంగసంద్ర మూడో క్రాసులో
రోడ్డుకి అడ్డంగా శామియానా.
ఈ చివర చికెన్ కొట్టు, ఆ చివర మసీదు గోడ,
నడుమ రెండొందల కుర్చీలు.
ఎర్ర ప్లాస్టిక్‌వి.
వెనక తెల్ల పెయింటుతో బసప్ప పేరు.
లెక్క నాది. సంతకం పెట్టి దించుకున్నాను.

పదింటికల్లా నిండిపోయాయి.
ముందు వరసల్లో మొగుళ్లు,
మొగుళ్ల తమ్ముళ్లు,
టీ ఇస్తారని వచ్చిన వీధి పెద్దమనుషులు,
పేపరు మొహమ్మీద కప్పుకుని ఒక తాత.
మేము
వెనక గోడకి ఆనుకుని
ఒక కాలి మీంచి ఇంకో కాలికి బరువు మారుస్తూ నిలబడ్డాం.
నిలబడమని ఎవరూ అనలేదు.

ఫ్యాక్టరీలో స్టూళ్లకి వీపు ఉండదు.
వీపుంటే వాలతామట.
వాలితే గంటకి ఎనభై కాలర్లు
డెబ్బై అవుతాయట.
ఇక చెకింగ్ టేబులు దగ్గర ఆ స్టూలూ లేదు.
పన్నెండేళ్లుగా అక్కడే హొన్నూరమ్మ.
మడవటం అనేదొకటుందని
ఆమె మోకాళ్లు మర్చిపోయాయి.

రత్నగిరమ్మ మైకు అందుకుంది.
రాసుకొచ్చిన కాగితం వంక చూసింది,
మా వంక చూసింది,
కాగితం మడిచి సంచిలో పెట్టేసింది.
"ఏమప్పా, ఇది ఎవురి పండగ?"

మైకు కీచుమంది.
ముందు వరసలో ఒక నవ్వు పుట్టి
సగంలో ఆగింది.
"లేసి టీ పెట్టండి.
చక్కెర యాడుందో మేం చెప్తాం."

అందరికంటే ముందు లేచింది
ఆ తాత.
పేపరు నాలుగు మడతలు పెట్టి చంకలో దోపుకుని
"ఎన్ని గ్లాసులమ్మా?" అన్నాడు.
కొందరు ఆయన వెంట నడిచారు.
కొందరికి ఉన్నట్టుండి ఫోన్లొచ్చాయి.
టీ ఉత్త నీళ్లు.
అయినా ఎవరూ వంక పెట్టలేదు.
కాదు, తిప్పక్క పెట్టింది,
పెట్టి రెండో గ్లాసు అడిగింది.

మేము కూర్చోవడం చూడాలి మీరు.
అంచున,
బస్సు వచ్చేస్తుందేమో అన్నట్టు.
హొన్నూరమ్మ కుర్చీని కొంగుతో తుడిచింది,
తుడిచి పక్కకి జరిగి నిలబడింది,
ఎవరో రావాలన్నట్టు.
ఎవరూ రాలేదు.
కూర్చుంది. మెల్లిగా వెనక్కి వాలింది.
ప్లాస్టిక్కు కిర్రుమంది.
"అమ్మా" అంది.
పిలిచింది తల్లినో, కుర్చీనో.

తర్వాత చాలా జరిగాయి.
నసీమా డిమాండ్లు చదివింది:
చంటిపిల్లలకి గది, రాత్రి షిఫ్టుకి బస్సు,
సమాన పనికి సమాన కూలి,
బాత్రూముకి పోవడానికి టోకెన్ వద్దు.
టోకెన్ దగ్గర కొట్టిన చప్పట్లకి
మసీదు గోడ మీది పావురాలు లేచాయి.
ఆడపిల్లల కబడ్డీలో ఒక పన్ను ఊడింది,
పాలపన్నే.
చిత్రాన్నం చాల్లేదు.

సాయంత్రం బసప్ప లెక్కపెట్టాడు.
నూటా తొంభైతొమ్మిది.
నేను లెక్కపెట్టాను.
రత్నగిరమ్మ లెక్కపెట్టింది.
నూటా తొంభైతొమ్మిదే.
బసప్ప నోటి చివర ఒక మాట ఉంది,
అది బయటికి రాకముందే ఆమె అంది:
"పండగ ఖర్చని రాసుకో."
మనిషికి ఐదు రూపాయలు పడింది.
ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

బుధవారం, ఆరున్నర.
నీళ్ల ట్యాంకరు తిరిగే మూలన
రేకుల ఇళ్ల వరస, చివరి గడప.
ఎర్ర కుర్చీ.
వెనక తెల్లక్షరాలు గోకినా పోలేదు.
కాళ్లు మెట్టు మీదికి చాపుకుని
హొన్నూరమ్మ, చేతిలో కాఫీ.
లోపల కుక్కరు కూస్తోంది,
మూడు,
నాలుగు.

నన్ను చూసి ఉలిక్కిపడి
లేవబోయింది.
"కుచ్చో అక్కా" అన్నాను.
కుక్కరు నేనే దించి వచ్చాను.