సగం రోడ్డు

చాకేచాకేలో తెల్లారింది.
లాడ్జి మెట్ల మీద కూర్చుని
నోటుబుక్కులో నాలుగు గడులు గీశాను.

స్కూటరు. రోజుకి ముప్ఫై వేల షిల్లింగులు.
బ్రేకు కాస్త నీరసంగా ఉంటుందని షామే ముందే చెప్పాడు,
ఆ నిజాయితీకి ఇంకో రెండు వేలు ఇవ్వొచ్చనిపించింది.
టాక్సీ. ఏసీ ఉంది, అద్దాలు దిగవు.
అందులోంచి చూస్తే దీవి అక్వేరియం,
చేపను నేనో బయటివాళ్ళో తేలదు.
సైకిలు. చవక.
కానీ పెంబా చదునుగా లేదు,
సరిగ్గా వత్తకుండా వదిలేసిన పిండిలా అన్నీ గుట్టలే.
పైగా నా ఎడమ మోకాలిలో స్టీలు బిళ్ళ,
వానొస్తోందని మబ్బుకంటే ముందు దానికే తెలుస్తుంది.
నాలుగో గడిలో డాలాడాలా అని రాసి
ఎదురుగా ఏం రాయాలో తెలియక వదిలేశాను.
దానికి టైము లేదు, నిండితే కదులుతుంది.
నిండడమంటే ఏమిటో ఎవరి లెక్క వాళ్ళది.

లాడ్జి వంటావిడ బీ మ్వానకోంబో
చపాతీ తిరగేస్తూ నా గడులు చూసింది.
"ఎక్కడికి?"
ఎలా వెళ్ళాలా అని రాత్రంతా ఆలోచించాను గానీ
ఎక్కడికో అనుకోనే లేదు.
"వేతే" అన్నాను, పలకడానికి బాగుందని.
"మా చెల్లెలు మిజే అక్కడే. ఈ గిన్నె ఇస్తావా?"

అంతే.
కొబ్బరిపాల చేపల కూరతో స్కూటరెక్కలేను.
సైకిలు మాట ఎత్తనే అక్కర్లేదు.
టాక్సీ ఎక్కొచ్చు,
కానీ అక్క పంపిన కూర పట్టుకుని
అంత కారులోంచి దిగితే
ఆ చెల్లెలేమనుకుంటుంది?

రెండు చెక్క బల్లలు, నెత్తికి తగిలే రేకు,
సిమెంటు బస్తా, చుట్టిన పరుపు,
పరుపు మీద లెక్కలు చేసుకుంటున్న బడిపిల్లాడు.
వెనక మెట్టు మీద ఫాకి
నాణెంతో కమ్మీని టంగుమనిపిస్తే బండి ఆగుతుంది,
టంగుటంగుమంటే కదులుతుంది.
వ్యాకరణమంతా అంతే.
ఒకావిడ ఎక్కి, తన పిల్లని నా ఒళ్ళో పెట్టేసి
చిల్లర వెతుక్కోడంలో పడింది.
అడగలేదు.
అడగాలని ఆ బండిలో ఎవరికీ తోచినట్టు లేదు.
పిల్ల నా వాచీని నోట్లో పెట్టుకుంది.

గుట్ట దిగాక వాసన.
చిన్నప్పుడు పిప్పిపన్ను కింద అదిమిపెట్టిన
ఒకే ఒక్క లవంగం,
ఇక్కడ మైళ్ళ పొడుగునా పరిచి ఉంది.
సగం రోడ్డు బళ్ళకి, సగం చాపలకి.
పచ్చవి నిన్నటివి, ఎర్రవి మొన్నటివి,
నల్లబడ్డవాటి పక్కన ఓ ముసలాయన
చేత్తో పంటికర్ర పట్టుకుని.
ఎదురొచ్చిన లారీ హారన్ కొట్టకుండా
వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళి దారిచ్చింది.

అప్పుడే ఒక స్కూటరు.
నల్లకళ్ళద్దాల కుర్రాడు, నాలాగే ఎక్కణ్ణుంచో వచ్చినవాడు.
మలుపులో బ్రేకు అందక
ఒక చాపను నిలువునా చీల్చుకుపోయాడు.
ముసలాయన అరవలేదు. కర్రతో
ఆ టైరు గీతను మెల్లగా పూడ్చుకున్నాడు.
నేను తల తిప్పుకున్నాను.
ఆ బండి నంబరు నాకు తెలుసు,
పొద్దున దాన్ని బేరమాడింది నేనే.

మోకాలు సలిపింది.
"వాన" అన్నాను తెలుగులోనే, ఎవరితోనో.
ఆకాశం తెల్లగా ఉంది, ఎవరూ పట్టించుకోలేదు.
మైలు దాటేసరికి రేకు మీద మొదటి చుక్క.
ఫాకి నాణెం కొట్టాడు.
బండి ఖాళీ.
డ్రైవరు, బడిపిల్లాడు, సిమెంటు బస్తా మనిషి,
అందరూ వంగి ఎవరివో చాపలు చుట్టేస్తున్నారు.
నేనూ లేవబోయాను.
తల్లి వెనక్కి తిరిగి, పిల్లనీ గిన్నెనీ చూపించి
నువ్వు కూర్చోమని చెయ్యి ఊపింది.
కూర్చున్నాను.
నా పనీ పనే కాబోలు అనుకుంటూ.

వేతేలో మిజే మూత తీసింది.
కూర చల్లారిపోయింది.
మూతంచున ఎలా అంటుకుందో
ఒక పచ్చి లవంగం.
"ఎంతసేపు పట్టింది?" అంది.

వాచీ చూశాను.
అద్దం నిండా పాల చొంగ.