ముద్ర ఉంగరం

ఆచారి వీధిలో కాళహస్తాచారి
ఉంగరం నుంచి రాయి ఊడపెరికాడు.
"బంగారానికే లెక్కమ్మా, రాయి మీదే."

గోరంత ఎర్రరాయి. సింహం, తిరగబడిన రాత.
మా జేజి పుట్టింటి వాళ్ల ముద్రంట;
దీన్ని చూస్తే కరణం లేచి నిలబడేవాడంట.

కుంపటి పక్కన లక్క కరిగించి
ఆయనే నొక్కి చూపాడు:
ఎడమకు చూసే సింహం కుడికి తిరిగింది,
కత్తి పట్టిన కాలు మారింది,
అక్షరాలు దారికొచ్చాయి
శిస్తు బాకీ రైతుల్లా.

చెవులు మాత్రం వేలాడుతున్నాయి,
మా జొడిపి పొట్టేలు చెవుల్లా.

చెక్కినవాడు సింహాన్ని ఎక్కడ చూశాడు?
ఉదయగిరి కొండ కింద
రోజూ మందలే చూశాడు.
పౌరుషమంతా మీసంలో పెట్టి
చెవుల దగ్గర దొరికిపోయాడు.

డబ్బు లెక్కపెట్టుకున్నాను.
లక్క ఇంకా వెచ్చగానే ఉంది.
బొటనవేలు ఆనిస్తే
సింహం మీద నా గీతలు పడ్డాయి.